పేరు చూసి వేసిన మార్కులు



1934 జూన్ నెల మధ్యలో, కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో డాక్టర్లు లేకుండా పోయారు. రోగులు ఉన్నారు, మంచాలు ఉన్నాయి, మందులు ఉన్నాయి. రాత్రింబవళ్లు వార్డుల్లో తిరగవలసిన కుర్ర డాక్టర్లు మాత్రం కోట్లు విప్పి బయటికి వెళ్లిపోయారు. ఆ ఆసుపత్రి పేరు నోత్రదామ్. జీతాల కోసమో, డ్యూటీ గంటలు తగ్గించాలనో చేసిన సమ్మె కాదది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో తన తరగతిలో మొదటివాడిగా నిలిచిన శామ్యూల్ రాబినోవిచ్ అనే యువకుణ్ణి ఆసుపత్రివారు ఇంటర్న్‌గా తీసుకున్నారు. అతను యూదుడు. అతనితో కలిసి పనిచేయమని తోటి ఇంటర్న్‌లు మొండికేశారు. చూస్తుండగానే నగరంలోని మరికొన్ని ఫ్రెంచి కేథలిక్ ఆసుపత్రుల ఇంటర్న్‌లు కూడా వాళ్లకు తోడయ్యారు. ఎమర్జెన్సీ కేసులు వచ్చినా ముట్టుకోలేదు. నాలుగు రోజులు ఇలా గడిచాక పంతం వదిలింది సమ్మె చేసినవాళ్లు కాదు, రాబినోవిచ్. రోగుల అవస్థ చూస్తూ తన ఉద్యోగం కోసం పట్టుబట్టడం వైద్యుడి ధర్మం కాదంటూ రాజీనామా ఉత్తరం ఇచ్చాడు. సమ్మె ముగిసింది. కెనడా చరిత్రలో ఆ నాలుగు రోజులకు 'సిగ్గుపడవలసిన రోజులు' అనే పేరు మిగిలిపోయింది.

ఆ కుర్ర డాక్టర్లు చెప్పుకున్న కారణాల్లో ఒకటి వినడానికి చాలా మర్యాదగా ఉంటుంది. కేథలిక్ రోగులకు యూదు వైద్యుడి చేత పరీక్ష చేయించుకోవడం ఇబ్బందిగా ఉంటుందట. అంటే రోగుల మనసు నొప్పించకూడదని, రోగులనే గాలికి వదిలేశారు! వైద్యరంగంలో యూదు వ్యతిరేకత చరిత్రంతా తిరగేస్తే ఈ తీరే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ద్వేషం ద్వేషంగా వచ్చిన సందర్భాలు తక్కువ. ఏదో ఒక పెద్దమనిషి కారణం ముందు నడుస్తుంది, ద్వేషం దాని వెనకాల వస్తుంది. ఒకప్పుడు ఆ కారణం రోగుల మనోభావం, ఒకప్పుడు జనాభా నిష్పత్తి, ఒకప్పుడు దేశభద్రత. ఇప్పుడు మానవ హక్కులు. ఇంకో సంగతి. ఈ వివక్ష పనిచేసే చోటు ఆసుపత్రి గుమ్మం కాదు, లోపలి గదులు. వైద్యవిద్యలో, వైద్యవృత్తిలో ఒక మనిషి అభిప్రాయమే తీర్పుగా చెల్లిపోయే చోట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. సీటు ఇచ్చే ఇంటర్వ్యూ, వైవా, ప్రాక్టికల్ పరీక్ష, ఇంటర్న్ ఎంపిక, డ్యూటీ రోస్టర్, సిఫారసు ఉత్తరం, ఒక డాక్టరు మరో డాక్టరుకు పంపే కేసు. ఇక్కడ ఎవరూ ఎవరికీ కారణం చెప్పనక్కర్లేదు. యూదు వైద్యులకు అండగా నిలవడమంటే సభల్లో సానుభూతి తెలపడం కాదనీ, ఈ లోపలి గదుల్లోకి వెలుతురు తేవడమనీ ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నాను.

ముందు సీట్ల సంగతి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో వైద్యవిద్యకు దరఖాస్తు చేశారు. కాలేజీలు కంగారుపడ్డాయి. న్యూయార్క్‌లోని కొలంబియా వైద్య కళాశాలలో 1920లో విద్యార్థుల్లో దాదాపు సగం మంది యూదులు. 1940 నాటికి నూటికి ఆరేడుగురు మిగిలారు. ఇరవై ఏళ్లలో ఒక జాతి తెలివి అంతగా తరిగిపోదు కదా. యేల్ విశ్వవిద్యాలయంలో 1935లో 501 మంది దరఖాస్తు చేస్తే 76 మందికి సీట్లు వచ్చాయి. దరఖాస్తు చేసినవాళ్లలో యూదులు సుమారు 200 మంది, సీటు దొరికింది అయిదుగురికి. అయిదుగురికి మించి యూదులను తీసుకోవద్దు, ఇటలీ కేథలిక్కులు ఇద్దరు చాలు, నల్లవాళ్లు అసలు వద్దు అని అక్కడి డీన్ మిల్టన్ వింటర్నిట్జ్ చెప్పినట్టు చరిత్రకారులు రాశారు. ఆ వింటర్నిట్జ్ స్వయంగా యూదుడే. ఇదొక విషాదం. లోపలికి రాగలిగిన మనిషికి తన వెనక తలుపు వేసే పని కూడా అప్పగించారు. కార్నెల్ వైద్య కళాశాల డీన్ 1940లో రాసిన ఉత్తరం ఇంకా నిర్మొహమాటంగా ఉంటుంది. సీట్లు 80. దరఖాస్తులు 1,200. అందులో 700 మందికి పైగా యూదులు. రాష్ట్ర జనాభాలో యూదుల వాటా ఎంతో, తరగతిలో కూడా సుమారుగా అంతమందినే తీసుకుంటాం. ఇదీ ఆ ఉత్తరంలోని లెక్క.

ఈ మాట వినగానే మన శ్రోతలు కొందరికి ఒక సందేహం వచ్చి తీరుతుంది. జనాభాను బట్టి సీట్లు ఇస్తే తప్పేమిటి, మన దగ్గర రిజర్వేషన్లు లేవా అని. అడగవలసిన ప్రశ్నే. రెండింటికీ 'కోటా' అనే ఒకే మాట వాడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. మన రిజర్వేషన్ నేల లాంటిది. తరతరాలుగా తలుపు తెరుచుకోనివాళ్ల విషయంలో, ఇంతకన్నా తక్కువ మందిని మాత్రం తీసుకోకూడదని చెబుతుంది. అమెరికా కాలేజీల కోటా పైకప్పు లాంటిది. ఎంత చదివినా ఇంతకు మించి లేవకూడదని చెబుతుంది. పైగా మన రిజర్వేషన్ రాజ్యాంగంలో, జీవోల్లో, గెజిట్లో అందరికీ కనిపించేలా ఉంటుంది. దాని మీద కోర్టుకు వెళ్లవచ్చు, శాసనసభలో వాదించవచ్చు. ఆ కోటా మాత్రం ఒక డీన్ మరో డీన్‌కు రాసుకునే ఉత్తరాల్లో ఉండేది. యూదుల దగ్గర తీసుకున్న సీట్లు ఎవరికి పోయాయో చూస్తే అనుమానం పూర్తిగా తీరిపోతుంది. అప్పటిదాకా అన్యాయమైపోయిన నల్లజాతి పిల్లలకు అవి దక్కలేదు. యేల్ ఆదేశంలో వాళ్ల వంతు సున్నా. నిష్పత్తి న్యాయం కోసం పెట్టిన లెక్కయితే ఆ సున్నా ఉండేది కాదు.

అలా బయట మిగిలిపోయినవాళ్లు ఏమయ్యారు? కొందరు వేరే చదువులకు పోయారు. కొందరు సముద్రం దాటి స్కాట్లాండుకో జర్మనీకో వెళ్లి వైద్యం చదివారు. బఫలో నగరంలో పుట్టిన సిడ్నీ ఫార్బర్ వైద్యవిద్య మొదటి సంవత్సరం జర్మనీలో హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్‌లలో చదివి, ఆ తర్వాతే హార్వర్డ్‌లో రెండో సంవత్సరంలో చేరగలిగాడు. సొంత దేశంలో సీటు దొరకని యూదు కుర్రవాడికి జర్మనీ చదువు చెప్పిందన్నమాట! పది పన్నెండేళ్లకే అదే జర్మనీ ఏమైందో తెలిసినవాళ్లకు ఈ వాక్యం మింగుడుపడదు. ఫార్బర్ పేరు తెలుగువాళ్లం మరచిపోకూడదు. 1947 చివర్లో బోస్టన్‌లో, లుకేమియాతో చనిపోవడం తప్ప గతి లేదనుకున్న పిల్లలకు ఆయన ఎక్కించిన అమినోప్టెరిన్ మందు లెడర్లే ప్రయోగశాలలో తయారైంది. ఆ పరిశోధనను నడిపించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకున్న సుబ్బారావు కథ మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. పేరు చూసి ఒకరిని, బట్ట చూసి ఒకరిని పక్కకు తోసినా, ఆ ఇద్దరూ కలిసి పిల్లల లుకేమియాకు మందుతో చికిత్స చేయవచ్చని లోకానికి చూపించారు. ఇలా పక్కకు పోయి, మళ్లీ దారి దొరకనివాళ్లు ఎంతమందో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

పరీక్షల మార్కులతో మనిషిని ఎలా తొక్కవచ్చో చూడాలంటే అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయం దంతవైద్య కళాశాల కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1948 నుంచి 1961 దాకా అక్కడ జాన్ బ్యూలర్ డీన్‌గా ఉన్నాడు. ఆ రోజుల్లో కళాశాల దరఖాస్తు ఫారం మీద గడులు మూడు ఉండేవి. తెల్లవాడా, యూదుడా, ఇతరుడా? అంటే యూదుడు తెల్లవాడూ కాడు, ఇతరుడూ కాడు, అతనికొక ప్రత్యేకమైన గడి! దంతవైద్యంలో మార్కులు సగం చేతిపని మీద ఉంటాయి. మైనంతో పన్ను చెక్కాలి, పోత పోయాలి, ఫిల్లింగ్ పెట్టాలి. అది బాగుందో లేదో చెప్పేది పక్కన నిలబడ్డ మాస్టారి కన్ను ఒక్కటే. యూదులకు ఈ పనికి తగిన చేతులు లేవనే మాట ఆ కళాశాలలో వినిపించేదని అప్పటి విద్యార్థులు తర్వాత చెప్పారు. పదేళ్ల కాలంలో అక్కడ చేరిన యూదు విద్యార్థుల్లో నూటికి 65 మంది తప్పారు, లేదా మళ్లీ చదవవలసి వచ్చింది. తప్పిన కుర్రాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకోలేదు. పిల్లాడు చదవలేకపోయాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు, వాళ్లూ అదే నమ్మారు. సిగ్గు మనిషిని ఒంటరిని చేస్తుంది, ఒంటరివాడి దగ్గర లెక్కలు ఉండవు. యూదుల హక్కుల సంస్థలో పనిచేసే ఆర్ట్ లెవిన్ కూర్చుని ఏడాదివారీగా లెక్కలు తీసి, బొమ్మలు గీసి చూపించిన తర్వాతే అది ఒక్కొక్కరి వైఫల్యం కాదని తేలింది. డీన్ 1961లో రాజీనామా చేశాడు. దానికీ దీనికీ సంబంధం లేదని విశ్వవిద్యాలయం అంది.

కథ అంతటితో మూతపడేదే. 1952లో మొదటి ఏడాది చివర ఎమొరీ గెంటేసిన పెరీ బ్రిక్‌మన్ అనే విద్యార్థి టెనెసీ విశ్వవిద్యాలయంలో చేరి, తరగతిలో నాలుగో స్థానంలో పాసయ్యాడు. చేతులు అవే! మారింది మార్కులు వేసే చేతులు. అతను అట్లాంటాకే తిరిగి వచ్చి నోటి శస్త్రచికిత్సల్లో పేరు తెచ్చుకున్నాడు. 2006లో ఎమొరీలో జరిగిన ఒక ప్రదర్శనలో, గోడ మీద లెవిన్ గీసిన ఆ పాత బొమ్మలు కనిపించాయి. యాభై ఏళ్లుగా తనొక్కడే తప్పాననుకున్న మనిషి అప్పుడు పాత సహాధ్యాయులను వెతికి పట్టుకుని, వాళ్ల మాటలు కెమెరా ముందు రికార్డు చేయడం మొదలుపెట్టాడు. 2012 అక్టోబరులో ఎమొరీ అధ్యక్షుడు వాళ్లందరినీ పిలిచి క్షమాపణ చెప్పాడు. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పరిస్థితిని చూసిన థోరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదివినవాళ్లకు ఈ ప్రాక్టికల్స్, వైవాల సంగతి కొత్తగా అనిపించదు. కులమైనా మతమైనా, కాగితం మీద రాసిన జవాబు కన్నా ఎదురుగా నిలబడ్డ ముఖానికే మార్కులు పడే చోటు అదే.

అమెరికా, కెనడాలు తలుపులు వేశాయి. జర్మనీ ఇల్లే కూల్చింది. హిట్లర్ వచ్చేనాటికి అక్కడ ఎనిమిది, తొమ్మిది వేల మంది యూదు వైద్యులు ఉండేవారు. 1933లోనే ప్రభుత్వ ఉద్యోగాల నుంచి, బీమా పద్ధతి నుంచి వాళ్లను తప్పించడం మొదలైంది. 1938 సెప్టెంబరు 30తో మిగిలినవాళ్ల వైద్య లైసెన్సులు రద్దయ్యాయి. ఏడు వందల మందికి మాత్రం యూదు రోగులను చూసుకోవడానికి అనుమతి ఇచ్చారు. అయితే 'వైద్యుడు' అనే మాట వాళ్లు పెట్టుకోకూడదు, 'రోగులకు చికిత్స చేసేవాడు' అని బోర్డు రాసుకోవాలి. ఇందులో వైద్యలోకం మరచిపోవాలనుకునే భాగం ఒకటి ఉంది. ఈ పని పోలీసులు బలవంతాన చేయించింది కాదు. నాజీ పార్టీలో చేరినవాళ్ల శాతం మిగతా చదువుకున్న వృత్తుల్లో కన్నా వైద్యుల్లో ఎక్కువ. పక్క గది ఖాళీ అయితే ప్రాక్టీసు పెరుగుతుంది, ప్రొఫెసర్ పోతే ఆ కుర్చీ దొరుకుతుంది. జర్మన్ వైద్యుల మహాసభ దీనికి విస్పష్టంగా క్షమాపణ చెప్పింది 2012లో. ఎమొరీ చెప్పిన సంవత్సరమే. ఎందుకోగాని వైద్యులు క్షమాపణ చెప్పడానికి అరవై, డెబ్బై ఏళ్లు తీసుకుంటారు. అంతలో క్షమించవలసినవాళ్లు చాలామంది వెళ్లిపోతారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. యూదు వైద్యుల విషయంలో ఈ సామెత ఎన్నోసార్లు అబద్ధమైంది. 1953 జనవరి 13న మాస్కోలో ప్రావ్దా పత్రిక, సోవియట్ నాయకులను తప్పుడు చికిత్సతో చంపే కుట్ర బయటపడిందని ప్రకటించింది. పేర్లు చెప్పిన తొమ్మిది మంది వైద్యుల్లో ఆరుగురు యూదులు. దేశమంతటా రోగులు యూదు డాక్టరు రాసిన మందు మింగడానికి భయపడ్డారు. మార్చి 5న స్టాలిన్ పోయాడు. ఏప్రిల్ 4న అదే ప్రభుత్వం అదంతా కల్పన అని ఒప్పుకుంది. మన దేశం వైపు చూస్తే వాల్డెమార్ హాఫ్‌కిన్ కథ ఉంది. ఒడెస్సాలో పుట్టిన ఈ యూదు శాస్త్రవేత్త మతం మార్చుకుంటే ఉద్యోగం ఇస్తామంటే కాదని పారిస్ వెళ్లాడు, అక్కడి నుంచి ఇండియా వచ్చాడు. పారిస్‌లో కలరా టీకా, ఆ తర్వాత బొంబాయిలో ప్లేగు టీకా తయారు చేశాడు. 1897 జనవరి 10న ప్లేగు టీకాను మొదట తన ఒంటికే పొడుచుకున్నాడు. 1902లో పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్లో ఒక సీసాలోని టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నేరం ఆయన ప్రయోగశాల మీద పడింది, ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. సీసా మూత తీసినప్పుడు ఊళ్లోనే కింద పడిన పనిముట్టును సరిగా శుద్ధి చేయలేదని సాక్ష్యం ఉన్నా అయిదేళ్లు ఎవరూ వినలేదు. చివరికి ఆయన తరఫున లండన్ టైమ్స్‌లో గొంతెత్తినవాళ్లలో ముఖ్యుడు రోనాల్డ్ రాస్. మన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రాస్ ఆయనే. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. హాఫ్‌కిన్ యూదుడు కాబట్టి శిక్షించామని ఏ ఫైలులోనూ లేదు. ఆయన వైద్యపట్టా లేనివాడు, రష్యా నుంచి వచ్చినవాడు కూడా. కాని ఫ్రాన్స్‌లో చేయని నేరానికి శిక్షపడిన యూదు సైనికాధికారి పేరు మీద దీన్ని 'చిన్న డ్రెయ్‌ఫస్ కేసు' అన్నారు. పరాయివాడి మీద పడిన అనుమానం సొంతవాడి మీద పడినదాని కన్నా ఎక్కువ కాలం నిలుస్తుందని చెప్పడానికి ఫైలులో సంతకం అక్కర్లేదు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ తర్వాత గాజాలో జరిగిన యుద్ధంలో పదుల వేల ప్రాణాలు పోయాయి, వైద్య సిబ్బంది కూడా ఎందరో వాళ్లలో ఉన్నారు. ఆ మంటల సెగ వేల మైళ్ల అవతల ఆసుపత్రుల్లో యూదు డాక్టర్లకు, నర్సులకు తగిలింది. 2025 ఫిబ్రవరిలో సిడ్నీలోని బ్యాంక్స్‌టౌన్ ఆసుపత్రిలో ఇద్దరు నర్సులు, ఇజ్రాయెలీ రోగులు వస్తే చికిత్స చేయబోమని, అంతకు మించి ఘోరంగా మాట్లాడిన వీడియో బయటికి వచ్చింది. వాళ్లను ఉద్యోగం నుంచి తప్పించి కేసు పెట్టారు. రోగులకు నిజంగా హాని జరిగిన దాఖలా దొరకలేదని అధికారులు చెప్పారు, అది కూడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2025 అక్టోబరులో జాతీయ ఆరోగ్య సేవలో యూదు వ్యతిరేకత మీద, ఇతర జాతివివక్ష మీద ప్రభుత్వం ప్రత్యేక సమీక్షకు ఆదేశించింది. అయితే ఇది 2023లో పుట్టింది కాదు. టొరంటో విశ్వవిద్యాలయం వైద్య విభాగంలో ఈ విషయం మీదే సలహాదారుగా పనిచేసిన అయెలెట్ కూపర్ అనే వైద్యురాలు తన అనుభవాలను 2022లోనే ఒక వైద్యవిద్యా పత్రికలో రాసింది. వివక్ష గురించి యూదులు చెప్పేది అబద్ధమనీ, పెత్తనం కోసమే చెబుతారనీ సహోద్యోగులు నమ్మడం ఆమె అందులో నమోదు చేసింది. ఫిర్యాదు చేయడమే కుట్రకు రుజువైతే ఇక ఆ మనిషి నోరు ఎలా తెరుస్తాడు?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. ఇదంతా ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని విమర్శించేవాళ్ల నోరు మూయించే ఎత్తు కాదా? గాజా ఆసుపత్రుల గురించి మాట్లాడిన డాక్టర్ల మీద ఇదే ముద్ర వేసి ఉద్యోగాలు తీయడం లేదా? ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఒక దేశం యుద్ధం చేసే తీరును తప్పుపట్టడం ఏ డాక్టరుకైనా హక్కు. తోటి వైద్యులు బాంబుల కింద చనిపోతుంటే మాట్లాడటం ఒక రకంగా బాధ్యత కూడా. ఆ మాటను యూదు ద్వేషమని ముద్ర వేసి శిక్షిస్తే అది కూడా పేరు చూసి వేసిన మార్కే అవుతుంది. తేడా తెలుసుకోవడం మాత్రం జనం అనుకునేంత కష్టం కాదు. మాట ఎవరి గురించి, శిక్ష ఎవరికి అని చూస్తే చాలు. ఒక ప్రభుత్వం గురించి మాట్లాడి, ఆ ప్రభుత్వాన్నే నిలదీస్తే అది విమర్శ. ఆ ప్రభుత్వం గురించి మాట్లాడి, పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్న యూదు రెసిడెంటును నీ వైఖరి ఏమిటో ముందు చెప్పు అని నిలదీస్తే అది అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం. విదేశాల్లోని భారతీయ డాక్టరును ఢిల్లీ ప్రభుత్వం చేసే ప్రతి పనికీ జవాబు చెప్పమని, చెప్పేదాకా కేసులు పంపబోమని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? ముస్లిం డాక్టరును ఎక్కడో జరిగిన ఉగ్రదాడికి సంజాయిషీ అడిగితే అది వివక్ష అని మనకు తెలుసు. యూదు డాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో అర్థం కాదు.

రెండో అభ్యంతరం, యూదులు వైద్యరంగంలో అంతమంది ఉన్నారు, అంత పేరు తెచ్చుకున్నారు, నోబెల్ బహుమతులు అందుకున్నారు, వాళ్లకేం కష్టం అనేది. దీనికి జవాబు కార్నెల్ డీన్ ఉత్తరంలోనే ఉంది. 700 మంది దరఖాస్తు చేశారు కాబట్టే కప్పు వేశారు. సంఖ్య ఇక్కడ కవచం కాలేదు, నేరమైంది. న్యూయార్క్‌లో 1852లో 'యూదుల ఆసుపత్రి'గా స్థాపించి తర్వాత మౌంట్ సినాయ్ అయిన ఆసుపత్రి, మాంట్రియల్‌లో రాబినోవిచ్ రాజీనామా చేసిన ఏడాదే అక్టోబరులో తెరిచిన యూదు జనరల్ ఆసుపత్రి, ఇలాంటివన్నీ చూసి వాళ్ల బలం అనుకుంటాం. బయట ఇంటర్న్‌షిప్ దొరకని పిల్లలకు పని నేర్పడానికి కూడా కట్టుకున్న గూళ్లవి. 1932లో క్రోన్ వ్యాధిని వర్ణించిన బరిల్ క్రోన్, ఆయన సహచరులు మౌంట్ సినాయ్‌లోనే పనిచేశారు. మన బొంబాయిలోనూ బెనె ఇజ్రాయెల్ అనే యూదు సమాజం నుంచి వచ్చిన జెరూషా ఝిరాద్ 1928 నుంచి 1947 దాకా కామా ఆసుపత్రిని నడిపింది, 1966లో పద్మశ్రీ అందుకుంది. ఆమె దగ్గర పురుడు పోసుకోవడానికి తల్లులకు ఆమె మతం అడ్డు రాలేదు. మాంట్రియల్ ఇంటర్న్‌లు సాకుగా చెప్పిన రోగుల మనోభావానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

మరి ఏం చేయాలి? మొదటి పని చాలా పొడిగా ఉంటుంది, లెక్కలు తీయడం. ఎమొరీలో నిజం బయటికి తెచ్చింది కన్నీళ్లు కావు, ఆర్ట్ లెవిన్ గీసిన గీతలు. ఏ కాలేజీ అయినా, ఏ ఆసుపత్రి అయినా వైవాల్లో తప్పినవాళ్లు, ఎంపిక కానివాళ్లు, ఫిర్యాదు చేసినవాళ్లు ఎవరో ఏటా చూసుకుంటే పదేళ్ల అన్యాయం మొదటి ఏడాదే కంటపడుతుంది. యూదు వైద్య సంఘాలు తామే సర్వేలు చేస్తున్నాయి. బాధపడినవాళ్లే ఎక్కువగా జవాబిస్తారు కాబట్టి వాటిని పూర్తిగా నమ్మలేమని కొందరంటారు. నిజమే, అందుకే ఆ లెక్క బాధితుల మీద వదిలేయకుండా సంస్థలే తీయాలి. ఫిర్యాదు వినేవాడు, ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషి కింద పనిచేసేవాడై ఉండకూడదు. ఒక జాతికి ఒక నియమం, మరో జాతికి ఇంకో నియమం ఉండకూడదు. యూదు డాక్టరును కాపాడే కాగితమే ముస్లిం నర్సును, దళిత విద్యార్థిని కాపాడాలి. లేకపోతే అది ఎవరినీ కాపాడదు. నాజీ కాలంలో వైద్యులు చేసినదాన్ని వైద్యవిద్యలో తప్పక బోధించాలని లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2023లో కోరింది. మన మెడికల్ కాలేజీల్లోనూ నీతి పాఠాల గంటలో దానికి చోటివ్వవచ్చు, కొత్త పుస్తకాలేమీ కొననక్కర్లేదు.

ఇవన్నీ సంస్థలు చేయవలసినవి. మనుషులు చేయవలసినది ఒకటి ఉంది, దానికి జీవో అక్కర్లేదు. రాబినోవిచ్ రాజీనామా ఉత్తరం రాసిన రోజు ఆయన ఒక్కడే. తర్వాత అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో శిక్షణ పొంది, మాంట్రియల్‌కే తిరిగి వచ్చి ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆయనకు పక్కన నిలబడే ఒక్క తోటి డాక్టరు కావలసిన రోజు మాత్రం ఆ రాజీనామా రోజే. ఈ ప్రసంగం వింటున్నవారిలో చాలామంది ఇళ్లలో అమెరికాలోనో, బ్రిటన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో డాక్టరుగా, నర్సుగా పనిచేస్తున్న కొడుకో కూతురో, కోడలో అల్లుడో ఉండే ఉంటారు. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఏం వండుకున్నారు, పిల్లలు ఎలా ఉన్నారు అని అడిగాక ఇంకొక్క మాట అడగండి. ఈ మధ్య మీ ఆసుపత్రి క్యాంటీన్లో ఇదివరకు అందరితో కలిసి తినేవాళ్లెవరైనా ఒంటరిగా కూర్చుంటున్నారా అని. కూర్చుంటున్నారంటే, రేపు నీ ప్లేటు తీసుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్లమని చెప్పండి.